రెండు మార్కుల జవాబు వెంట నాలుగు రోజులు

ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు జిల్లా పరిషత్ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధానికి నేను కేటాయించింది ఏటా ఒకటిన్నర పీరియడు. పరీక్షల ముందు నోట్సు చెప్పించేటప్పుడు దాన్ని కూడా ఒక్క వాక్యానికి కుదించేదాన్ని: "అబ్రహాం లింకన్ 1863 జనవరి 1న బానిసలకు విముక్తి ప్రసాదించెను." రెండు మార్కులు. తేదీ తప్పితే ఒకటి.

ఈ వేసవిలో మావారూ నేనూ అమ్మాయి దగ్గరికి వర్జీనియా వచ్చాం. ఆష్‌బర్న్‌లో ఉంటారు వాళ్లు. సాయంత్రం నడకకు వెళ్తే ఎదురయ్యేవాళ్లలో చాలామంది మనవాళ్లే. ఎవరి అమ్మానాన్నలు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్తారు అన్నదే మాట. జూన్ మొదట్లో అమ్మాయి, "19న మా ఆఫీసుకు సెలవమ్మా. శుక్రవారం కూడా పెట్టేస్తే నాలుగు రోజులు తిరగొచ్చు" అంది. దేనికి సెలవని అడిగాను. జూన్‌టీన్త్ అట. 1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుకు సైన్యంతో వచ్చిన జనరల్ గార్డన్ గ్రాంజర్, బానిసలందరూ స్వేచ్ఛ పొందారని ఉత్తర్వు జారీ చేసిన రోజు. 2021 నుంచి దేశమంతటికీ సెలవు.

వింటున్న మావారు వేళ్లు మడిచి లెక్కవేశారు. గుంటూరులో జిన్నింగ్ మిల్లు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, తేదీలూ తూకాలూ తేడా వస్తే ఊరుకోరు. "63 జనవరిలో ప్రసాదిస్తే 65 జూన్‌కి అందిందా? రెండున్నరేళ్లు ఎక్కడ ఆగింది?"

సమాధానం నా దగ్గర లేదు. ఎక్కడెక్కడికి వెళ్లాలో ఆ రాత్రే కాగితం మీద రాసి అల్లుడికి ఇచ్చాను.

మొదటి రోజు, గురువారం – వాషింగ్టన్

మెట్రోలో ఈస్టర్న్ మార్కెట్ స్టేషన్‌లో దిగి లింకన్ పార్కుకు నడిచాం. లింకన్ స్మారక మందిరం వదిలేసి ఇక్కడికెందుకని అల్లుడికి అనుమానం. మందిరంలో కూర్చున్న లింకన్‌ను అందరూ చూస్తారు. నేను చూడాలనుకున్నది ఈ పార్కులో నిలబడిన లింకన్‌ను. ఆయన ఒక చేతి కింద విముక్తి ప్రకటన ఉంటుంది. రెండో చేయి చాచి ఉంటుంది, దాని కింద ఒక నల్లజాతి మనిషి. తెగిన సంకెళ్లతో, ఒంటి మీద సరైన బట్ట లేకుండా, మోకాలి మీద.

చూడగానే గుండె కలుక్కుమంది. నా నోట్సు వాక్యానికి కంచు పోస్తే ఇలాగే ఉంటుంది.

దీని వెనకున్న కథ ఇంకా మెలికలది. 1865లో లింకన్ హత్య వార్త విని, షార్లట్ స్కాట్ అనే ఒకప్పటి బానిస తన సంపాదనలోంచి ఐదు డాలర్లు తీసి, ఆయనకు స్మారకం కట్టండని ఇచ్చింది. అలా విముక్తులైన వాళ్ల చందాలతోనే ఈ విగ్రహం లేచింది. డబ్బు వాళ్లది. ఎలా ఉండాలన్న నిర్ణయం మాత్రం వాళ్ల చేతిలో లేదు. 1876 ఏప్రిల్ 14న ఆవిష్కరణ సభలో ప్రధాన వక్త ఫ్రెడెరిక్ డగ్లస్, తానూ బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాడే. అధ్యక్షుడు గ్రాంట్‌ను ఎదురుగా పెట్టుకుని, లింకన్ ప్రధానంగా తెల్లవాళ్ల అధ్యక్షుడే అని చెప్పాడు. ఆ మాటతో ఆగకుండా ఆయన చేసిన మేలునూ చెప్పాడు. కొద్ది రోజులకే ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో, మోకాళ్ల మీద కాదు, రెండు కాళ్ల మీద నిలబడిన నల్లజాతి మనిషి విగ్రహం చూడాలని ఉందన్నాడు. నూట యాభై ఏళ్ల కిందట ఆయనకు తట్టింది నాకు ఇవాళ తట్టింది. ఏం టీచర్ని!

మధ్యాహ్నం నగరానికి ఉత్తరాన, సైనికుల వృద్ధాశ్రమం ఆవరణలో ఉన్న లింకన్ వేసవి విడిదికి వెళ్లాం. 1862 నుంచి మూడేళ్లు ఎండాకాలమంతా ఆయన ఇక్కడే ఉండి, రోజూ గుర్రం మీద శ్వేతసౌధానికి వెళ్లి వచ్చేవాడు. కిటికీలోంచి చూస్తే సైనికుల శ్మశానం. నగరంలోకి వెళ్లే దారి పక్కన, యజమానులను వదిలి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరాలు. విముక్తి ప్రకటన రాసిన మనిషి పొద్దున్నా సాయంత్రమూ వాళ్లను దాటుకుంటూ వెళ్లేవాడన్న సంగతి ఏ పీరియడులోనూ నేను చెప్పలేదు.

1862 ఆ మనిషికి తడబాటు సంవత్సరం. ఏప్రిల్ 16న వాషింగ్టన్ నగరంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం మీద సంతకం పెట్టాడు. యజమానికి తలకు 300 డాలర్ల దాకా పరిహారం. విడుదలైన మనిషి దేశం వదిలి పోతానంటే 100 డాలర్ల దాకా. ఇక్కడే ఉంటానంటే ఏమీ లేదు. జులై 22న ప్రకటన చిత్తుప్రతిని మంత్రులకు చదివి వినిపించాడు. ఓటముల మధ్య ఇది ఇస్తే చేతకాక అరిచినట్టుంటుంది, ఒక గెలుపు దాకా ఆగమన్నాడు విదేశాంగ మంత్రి సీవర్డ్. కాగితం సొరుగులోకి వెళ్లింది. అది సొరుగులో ఉండగానే, ఆగస్టు 14న ఐదుగురు నల్లజాతి పెద్దలను పిలిపించి, మీవాళ్లు మధ్య అమెరికాకు వలస పోతే ఇద్దరికీ మంచిదని నచ్చజెప్పబోయాడు. ఇది విన్నప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. నోట్సులో పెట్టిన దేవుడి మీద వచ్చిన కోపం కాబోలు. అదే మనిషి ఐదు నెలల తర్వాత, నల్లవాళ్లను సైన్యంలోకి తీసుకుంటామని ఆ ప్రకటనలోనే రాశాడు.

ఎండ తగ్గాక యూ స్ట్రీట్ స్మారకానికి చేరాం. వంపు తిరిగిన గోడల మీద ఉక్కు పలకలు, వాటి మీద 2,09,145 పేర్లు. నల్లజాతి దళాల్లో పోరాడినవాళ్లూ, వాళ్లను నడిపిన అధికారులూ. మావారు పలకలు వదిలి సమాచార ఫలకం దగ్గర ఆగిపోయారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులోంచి బట్టల ఖాతాలో 3 కోత. చేతికి వచ్చేది ఏడు. "తూటా ఇద్దరికీ ఒకటే రేటు కదా" అన్నారు. మసాచుసెట్స్ 54వ దళం ఆ ఏడు డాలర్లను ముట్టుకోలేదు. జీతం లేకుండానే యుద్ధం చేసింది. డగ్లస్ కొడుకులిద్దరు ఆ దళంలో చేరినవాళ్లే. 1864 జూన్‌లో గానీ కాంగ్రెస్ జీతాలు సమం చేయలేదు.

రెండవ రోజు, శుక్రవారం – యాంటీటమ్

పొటోమాక్ దాటి మేరీలాండ్‌లోకి. గుట్టలూ పచ్చికా గోధుమ చేలూ, నడుమ యాంటీటమ్ అనే వాగు. యుద్ధానికి ఉత్తరంవాళ్లు వాగు పేరు పెట్టారు, దక్షిణంవాళ్లు పక్కనున్న షార్ప్స్‌బర్గ్ ఊరి పేరు పెట్టారు. 1862 సెప్టెంబరు 17న పొద్దు పొడవక ముందు మొదలై చీకటిపడే వేళకు ఇక్కడ చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి దాదాపు 23,000 మంది. అమెరికా చరిత్రలో ఇంతమంది ఒక్క రోజులో పడిపోయిన యుద్ధం మరొకటి లేదు.

కథలో నాకు నచ్చిన భాగం చుట్టలది. దక్షిణ సేనాని లీ తన సైన్యాన్ని ముక్కలు చేసి ఎవరిని ఎటు పంపుతున్నాడో రాసిన ఉత్తర్వు ప్రతి ఒకటి, ఫ్రెడెరిక్ ఊరి దగ్గర పొలంలో ఉత్తర సైనికులకు దొరికింది. మూడు చుట్టలకు చుట్టి ఉంది. శత్రువు గుట్టు మొత్తం చేతిలో పడినా ఉత్తర సేనాని మెక్‌క్లెలన్ నింపాదిగానే కదిలాడు, యుద్ధం అయ్యాక లీ నది దాటి వెళ్తుంటే తరమనూ లేదు. "చుట్టలు ఎవరు కాల్చారట?" అని మావారు. చరిత్ర అక్కడ మౌనం.

పల్లపు దారిలోకి దిగాం. బండ్లు తిరిగి తిరిగి అరిగిపోయి గోతిలా మారిన బాట. అందులో దాక్కుని కాల్చిన దక్షిణ సైనికులు అందులోనే ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇప్పుడు గడ్డి, కంచె, పిట్టల అరుపు. పక్కనే చిన్న తెల్ల చర్చి. యుద్ధమే పాపమనీ, బానిసలను ఉంచుకోకూడదనీ నమ్మిన డంకర్ శాఖ వాళ్లది. ఫిరంగులు మోగింది సరిగ్గా దాని ముంగిట్లో.

ఎవరు గెలిచారంటే చెప్పడం కష్టం. లీ వెనక్కి వెళ్లాడు కాబట్టి లింకన్‌కు అది చాలింది. ఐదు రోజులకే, సెప్టెంబరు 22న, సొరుగులోంచి కాగితం బయటకు తీశాడు: తిరుగుబాటు రాష్ట్రాలు జనవరి 1 లోపు దారికి రాకపోతే అక్కడి బానిసలు స్వతంత్రులు. అక్కడి బానిసలు! అసలు మెలిక ఆ మాటలోనే ఉంది. యూనియన్‌ను (అంటే ఉత్తరంవాళ్ల పక్షాన్ని) వదలని మేరీలాండ్, డెలావేర్, కెంటకీ, మిసౌరీలకు ఆ ప్రకటన వర్తించదు. నేను నిలబడిన ఈ నేల, ఆ ప్రకటనకు దారి తీసిన ఈ పొలం, మేరీలాండ్‌ది. ఇక్కడ 23,000 మంది పడిపోయాక కూడా ఈ చుట్టుపక్కల బానిస బానిసగానే ఉన్నాడు. రెండేళ్ల తర్వాత మేరీలాండ్ కొత్త రాజ్యాంగం రాసుకుని బానిసత్వాన్ని తీసేసింది. అది నెగ్గింది 375 ఓట్ల తేడాతో. అదీ దూరాన యుద్ధంలో ఉన్న సైనికుల ఓట్లు లెక్కలో కలిపాకే.

మధ్యాహ్నం మూడు కమానుల రాతి వంతెన దగ్గర పులిహోర డబ్బా తెరిచాం. బర్న్‌సైడ్ వంతెన అంటారు. పక్కనున్న సికమోర్ చెట్టు యుద్ధం నాటి ఫొటోలో చిన్న మొక్కగా కనిపిస్తుంది, ఇప్పుడు ముగ్గురు పట్టుకున్నా అందదు. అక్కడ కూర్చుని మావారు పత్తి ప్రవచనం మొదలుపెట్టారు. ఈ విషయంలో మాత్రం ఆయనే టీచరు.

1860లో అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. ఇంగ్లండు మిల్లులకు చేరే దూదిలో నాలుగింట మూడొంతులు ఇక్కడిదే. ఆ ధీమాతోనే దక్షిణంవాళ్లు యుద్ధానికి దిగారు: దూది ఆగితే ఇంగ్లండు తానే వచ్చి మన పక్షాన నిలుస్తుందని. ఉత్తర నౌకాదళం రేవులు మూసేసింది. లాంకషైర్‌లో మిల్లులు ఆగి కూలీలు పస్తులున్నారు. దూది కోసం దొరలు ఇటు తిరిగారు. బొంబాయి మీదుగానే కాదు, మన కాకినాడ మీదుగా కూడా బేళ్లు వెళ్లాయి. ఆ రేవు పేరు మీదే ఒక పత్తి రకం చాలాకాలం వ్యాపారంలో చలామణీ అయింది. అప్పట్లో గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. మావారి ముత్తాత తండ్రి ఆ మూడు నాలుగేళ్లలోనే పెంకుటిల్లు కట్టాడని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. 1865లో యుద్ధం ముగియగానే ధర కూలింది, ఇల్లు తాకట్టులోకి వెళ్లింది. "పత్తి కట్టిన ఇల్లు పత్తే పడగొట్టింది, అమెరికాలో ఏదో గొడవట అనేవారు మా తాత" అన్నారు. ఆ గొడవ ఏమిటో తెలియకుండానే మా ఇంటి గోడల్లో ఉంది.

ఇంగ్లండు రాలేదు. తిరుగుబాటును అణచడం ఒకటి, బానిసత్వాన్ని తీసేయడం ఒకటి. సెప్టెంబరు ప్రకటన తర్వాత ఈ యుద్ధం రెండోదానికి కూడా అని ప్రపంచానికి తెలిసింది. తమ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని ఎప్పుడో రద్దు చేసుకున్న ఇంగ్లండు, ఇక దక్షిణం పక్షాన బాహాటంగా నిలవడం కష్టమైంది.

మూడవ రోజు, శనివారం – అలెగ్జాండ్రియా, రిచ్‌మండ్

అలెగ్జాండ్రియాలో డ్యూక్ వీధి 1315. మూడంతస్తుల ఇటుక ఇల్లు, చూడటానికి ఏ వకీలు ఇల్లో అనిపిస్తుంది. 1828 నుంచి ఇది ఫ్రాంక్లిన్, ఆర్మ్‌ఫీల్డ్ అనే ఇద్దరు భాగస్తుల కొట్టు. సరుకు మనుషులు. పొగాకు పండించి సారం పోయిన వర్జీనియా భూముల్లో బానిసలు "ఎక్కువ"య్యారు, మిసిసిపీ, లూసియానా పత్తి చేలకు తక్కువయ్యారు. ఇక్కడ కొని, ఓడల్లోనూ, గొలుసులతో బారులు కట్టి నడిపించీ, వెయ్యి మైళ్ల దూరంలోని నాచెజ్ సంతకు చేర్చేవాళ్లు. అలా వేలమంది ఈ గుమ్మం దాటారు.

లోపల గోడ మీద పత్తి జిన్ను గురించి రెండు వాక్యాలున్నాయి. మావారు వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. జిన్ను వస్తే పని తగ్గుతుందనే కదా ఎవరైనా అనుకునేది. 1793లో విట్నీ యంత్రం వచ్చాక గింజ తీసే పని తగ్గింది. దాంతో పత్తి లాభసాటి అయింది. అప్పుడు ఎన్ని వేల ఎకరాలైనా వేయొచ్చు. కానీ చేలో కాయ పగిలాక దాన్ని తీయడానికి యంత్రం లేదు, వేళ్లే కావాలి. "మా మిల్లు ఎంత జోరుగా ఆడితే పత్తి తీత కూలీల కోసం అంతగా కొట్టుకునేవాళ్లం. ఇక్కడ కూలి ఇవ్వక్కర్లేదు కాబట్టి మనుషుల్నే కొన్నారు" అన్నారు. సాయంత్రం కాటా వేసి, తూకం తగ్గితే కొరడా. కాటా అన్న మాట దగ్గర ఆయన గొంతు ఆగింది. జీవితమంతా కాటా పక్కన కూర్చున్న మనిషి.

1861 మే 24న ఉత్తర సైన్యం నది దాటి ఈ ఊరిని పట్టుకుంది. బానిసల బందీఖానా సైనిక జైలయింది. ఆ మే 24ను నా కాగితం మీద గుండ్రంగా చుట్టి పెట్టుకున్నాను. అదే రోజు ఇంకోచోట ఇంకో పని జరిగింది, దాని కోసమే రేపటి ప్రయాణం.

సైన్యం వచ్చిందని తెలియగానే చుట్టుపక్కల తోటల నుంచి జనం ఈ ఊరికి నడిచి వచ్చారు. ఎవరూ రమ్మనలేదు, ఉండటానికి చోటు లేదు. మశూచి, విరేచనాలు, చలి. ఊరి చివర శ్మశానంలో 1864 నుంచి 1869 దాకా సుమారు 1,700 మందిని పాతిపెట్టారు, ఎక్కువగా పిల్లలు. తర్వాత ఆ శ్మశానాన్ని ఊరు మరిచిపోయింది. మీద పెట్రోలు బంకు కట్టారు, ఆఫీసు కట్టారు. ఊరివాళ్లు కొందరు పాత రికార్డులు తవ్వి పట్టుబడితే బంకు కదిలింది, 2014లో స్మారకం అయింది. పేర్ల ఫలకం మీద వేలు పెట్టి చదువుకుంటూ వెళ్తే వయసులు: రెండేళ్లు, ఎనిమిది నెలలు. అమ్మాయి కారులోకి వెళ్లి కూర్చుంది.

ఇక్కడే ఇంకో కథ ఉంది. ఈ ఊరి ఆసుపత్రిలో ఉన్న నల్ల సైనికులు, చనిపోయిన తమ తోటివాళ్లను సైనిక శ్మశానంలో కాక ఈ శ్మశానంలో పెడుతున్నారని 1864 డిసెంబరులో అర్జీ పెట్టుకున్నారు. మేము కాందిశీకులం కాదు, సైనికులం, పక్కపక్కన పోరాడినవాళ్లం పక్కపక్కనే పడుకుంటాం అని. మంచాల మీద నుంచి 443 మంది మద్దతు పలికారు. నెగ్గారు. సమాధులు తవ్వి మార్చారు.

రిచ్‌మండ్‌లో ఆగింది గంటసేపే. దక్షిణ ప్రభుత్వపు రాజధాని ఇది. మాన్యుమెంట్ అవెన్యూలో లీ విగ్రహాన్ని 2021లో తీసేశారు, అల్లుడికి ఆ చోటు చూపించాలని ఉంది గానీ నేను రైలు స్టేషన్ పక్కన పల్లానికి పోనిమ్మన్నాను. రాబర్ట్ లంప్‌కిన్ అనే వ్యాపారి బానిసల జైలు అక్కడుండేది. జనం నోట దాని పేరు సైతాను అరెకరం. చూడటానికి ఏమీ లేదు, గడ్డి, పైన హైవే మోత. అతని పిల్లల తల్లి మేరీ, ఒకప్పుడు అతని బానిసే. అతను పోయాక ఆస్తి ఆమెకు వచ్చింది. 1867లో ఆమె ఆ జైలును నల్లవాళ్ల బడికి అద్దెకిచ్చింది. ఆ బడి పెరిగి ఇవాళ్టి వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయం అయింది. గొలుసులు బిగించిన గదిలో అక్షరాలు దిద్దించారు. ఆ గడ్డి మీద కాసేపు కూర్చుంటానంటే, చెప్పులు విప్పి మరీ కూర్చున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

నాలుగవ రోజు, ఆదివారం – ఫోర్ట్ మన్రో

హాంప్టన్‌లో రాత్రి బస. పొద్దున్నే కోటకు. చుట్టూ నీళ్ల కందకం, దాని మీద ఇరుకు వంతెన, రాతి గోడలు. కొండవీడు, గోల్కొండ చూసిన కళ్లకు ఎత్తు ఆనదు గానీ వెడల్పు బాగా ఉంది. బయట నీటి అంచున ఒక ఫలకం: 1619 ఆగస్టులో అంగోలా నుంచి పట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఓ ఇంగ్లీషు ఓడ ఈ ఒడ్డునే దింపింది. వర్జీనియాలో మొదలు ఇక్కడే.

ఇక 1861. వర్జీనియా విడిపోవాలా వద్దా అని మే 23న ఓటింగు. విడిపోవాలనే గెలిచింది. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ అనే ముగ్గురు, ఎదుటి ఒడ్డున సీవెల్స్ పాయింట్ నుంచి పడవ వేసుకుని ఈ కోటకు వచ్చారు. కల్నల్ చార్లెస్ మాలరీ బానిసలు వాళ్లు. ఈ కోట మీదికి గురిపెట్టే ఫిరంగి దిబ్బ కట్టడానికి వాళ్లను అక్కడ పనిలో పెట్టాడు. ఇంకా దూరాన, దక్షిణానికి పంపేస్తాడని తెలిసి, భార్యాబిడ్డలకు దూరం కాలేక కదిలారు. చట్టం వాళ్లకు అనుకూలంగా లేదు. 1850 చట్టం ప్రకారం పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించాలి. లింకన్ కూడా అప్పటికి, బానిసత్వం ఉన్నచోట దాని జోలికి పోనని చెబుతున్నవాడే.

కోటలో సేనాధిపతి బెంజమిన్ బట్లర్, వచ్చి రెండు రోజులు. మసాచుసెట్స్ వకీలు. మర్నాడు, అంటే నేను కాగితం మీద చుట్టిన మే 24న, తెల్లజెండా పట్టుకుని మేజర్ కేరీ వచ్చి మా మనుషుల్ని అప్పగించమన్నాడు. బట్లర్ వకీలు బుర్ర పనిచేసింది. మీరు వేరే దేశమని నిన్ననే ఓటేసుకున్నారు కదా, మా చట్టం పరాయి దేశానికి ఎలా వర్తిస్తుంది? మాలరీ వచ్చి యూనియన్‌కు విధేయుడినని ప్రమాణం చేస్తే ఇస్తాను. లేదంటే, వాళ్లు ఆస్తి అని మీరే అంటున్నారు, ఆ ఆస్తిని మా మీద యుద్ధానికి వాడుతున్నారు, శత్రువు యుద్ధ సరుకు దొరికితే జప్తు చేసుకోవడం రివాజు. అలా వాళ్లకు "కాంట్రాబాండ్" అని పేరు పడింది. మన రేవుల్లో కస్టమ్సువాళ్లు దొంగ సరుకుకు వాడే మాట. మనిషి సరుకేనని ఒప్పుకుంటూనే, ఆ ఒప్పుకోలుతోనే యజమాని చేతిలోంచి లాగేశాడు. మెచ్చుకోవాలో సిగ్గుపడాలో తెలియలేదు నాకు. మావారు మాత్రం, "మంచి గుమాస్తా. ఖాతా అదే, పద్దు తిప్పి రాశాడు" అన్నారు.

మాట పాకింది. ఆదివారం ఎనిమిది మంది వచ్చారు. సోమవారం 47, అందులో చంటిపిల్లల తల్లులూ ఉన్నారు. ఫిరంగి దిబ్బ కట్టని చంటిపిల్ల యుద్ధ సరుకు ఎలా అవుతుంది? బట్లర్ వాషింగ్టన్‌ను అడగాల్సి వచ్చింది. జులై ఆఖరుకు 900 మంది. ఆగస్టు 6న కాంగ్రెస్, తిరుగుబాటు పనికి వాడిన బానిసల మీద యజమానికి హక్కు పోతుందని చట్టం చేసింది. మర్నాడే దక్షిణ సైన్యం హాంప్టన్ ఊరిని తగలబెట్టింది. మొండి గోడల మధ్య, కాలిన ఇటుకలతో, వచ్చినవాళ్లు తమ ఊరు కట్టుకున్నారు. 1862 జులైలో రెండో జప్తు చట్టం వచ్చింది. దాని తర్వాత లింకన్ సొరుగులోని కాగితం. ఈ వరస ఇలా పెట్టుకుని చూస్తే, నా వాక్యంలో మొదట రావలసింది ఎవరు? దేశంలో అప్పటికి బానిసలు దాదాపు 40 లక్షల మంది. అందరినీ నేను "కు" అనే ఒక్క ప్రత్యయానికి కట్టేసి, కర్త పీట మీద ఒకరినే కూర్చోబెట్టాను. వ్యాకరణం తప్పలేదు, అందుకే ఎవరూ దిద్దలేదు.

హాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఓక్ చెట్టు కిందికి వెళ్లేసరికి మధ్యాహ్నం. మన మర్రిలా ఊడలు లేవు గానీ విస్తారం ఆ తీరే. కొమ్మలు నేలను తాకుతాయి. మేరీ పీక్ అనే స్వతంత్ర నల్లజాతి స్త్రీ ఈ చెట్టు కింద పాఠం చెప్పింది. 1831 నాటి చట్టం ప్రకారం వర్జీనియాలో నల్లవాళ్లకు చదువు చెప్పడం నేరం. ఆమె అంతకుముందు నుంచీ దొంగచాటుగా చెబుతూనే ఉంది. 1861 సెప్టెంబరులో బాహాటంగా మొదలుపెట్టింది. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు. క్షయతో మంచం పట్టాక మంచం దగ్గరే కూర్చోబెట్టుకుని చెప్పింది. 1862 ఫిబ్రవరిలో పోయింది. బడి ఆర్నెల్లు. నా ముప్పై ఒక్క ఏళ్లూ ఒకసారి కళ్ల ముందు తిరిగాయి, ఇంక్రిమెంట్లతో సహా.

1863లో విముక్తి ప్రకటనను జనం గుమిగూడి ఇదే చెట్టు కింద చదివించుకుని విన్నారు. ప్రకటన పూర్తి పాఠం ఫోనులో తీసి మావారికి చదివి వినిపించాను. ఏయే ప్రాంతాలకు వర్తించదో అందులో పేరుపేరునా రాసి ఉంది. టెనెసీ రాష్ట్రం అయితే తిరుగుబాటు రాష్ట్రాల జాబితాలో అసలు చేరనే లేదు. వర్జీనియాలో మినహాయించిన కౌంటీల్లో ఒక పేరు దగ్గర ఆగాను: ఎలిజబెత్ సిటీ. అంటే ఈ హాంప్టన్. అప్పటికే ఉత్తర సైన్యం చేతిలో ఉంది కాబట్టి "తిరుగుబాటు ప్రాంతం" కాదు. చెట్టు కింద నిలబడి విన్నవాళ్ల గడ్డకే ఆ మాట వర్తించదు. అయినా విన్నారు. తమకు వర్తిస్తుందా అని ఎవరినీ అడిగే దశ వాళ్లు అప్పటికే దాటేశారు, రాత్రిబడికి పోతున్నారు. దేశమంతటికీ వర్తించే మాట రాజ్యాంగ 13వ సవరణతో వచ్చింది, 1865 డిసెంబరు 6న. అందులో కూడా, నేరానికి శిక్షగా తప్ప, అని ఒక కిటికీ వదిలారు. ఆ కిటికీలోంచి తర్వాత ఎంతమందిని వెనక్కి లాగారో అది ఇంకో నాలుగు రోజుల ప్రయాణం.

తిరిగి వెళ్లేముందు మళ్లీ కోట గోడ మీదికి ఎక్కాం. ఎదురుగా అఖాతం. ఆవలి ఒడ్డు, ఆ సీవెల్స్ పాయింటు, ఇప్పుడు నౌకాదళ స్థావరం, బూడిద రంగు ఓడలు బారులు తీరి ఉన్నాయి. మావారు కృష్ణ ఒడ్డున పుట్టినవారు, చిన్నప్పుడు నాటుపడవ మీద ఆవలికి పోయి బడికి వెళ్లినవారు. చేయి అడ్డం పెట్టుకుని దూరం చూశారు.

"రాత్రి వేళ. దీపం ఉండదు. తెడ్డు చప్పుడు వినపడకూడదు. బాబూ, ఇక్కడ పోటు ఎన్నింటికి వస్తుంది?"

అల్లుడు ఫోను తీసి చూశాడు. ఇవాళ్టి పోటు సమయం ఉంది, రేపటిది ఉంది, ఏడాది చివరిదాకా ఉంది. 1861 మే 23 రాత్రిది లేదు.

"పోటు మీదే వచ్చి ఉంటారు మామయ్యగారూ" అన్నాడు.

"ఏమో. పోటు కోసం ఆగే తీరిక ఉండాలి కదా" అన్నారు మావారు, ఇంకా అటే చూస్తూ.